ఉట్టి చికోరీ

మా చిన్నప్పుడు గుంటూరులో కాఫీపొడి తెచ్చే పని నాది. నేను బజారుకి బయల్దేరేముందు నాన్న ప్రతిసారీ గుమ్మం దాకా వచ్చి ఒకటే మాట చెప్పేవారు. "చికోరీ కలపొద్దని చెప్పు. ఎదురుగా నిలబడి మర పట్టించు. దిక్కులు చూడకు." ఎనిమిదేళ్ల పిల్లని. చికోరీ అంటే ఏమిటో తెలీదు. ఇటుక పొడి లాంటిదేదో, రంపపు పొట్టు లాంటిదేదో అనుకునేదాన్ని. షాపాయన గింజలు మరలో పోస్తుంటే, దొంగని కాపలా కాస్తున్నట్టు ఆయన చేతుల వంకే చూస్తూ నిలబడేదాన్ని.

అది జరిగి యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు మేముండేది హైదరాబాదులో. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం అలాంటి షాపుకే వెళ్లి "పావుకిలో చికోరీ ఇవ్వండి" అన్నాను. "ఎంత పర్సెంటు కలపమంటారమ్మా?" అన్నాడు కౌంటరు దగ్గర కుర్రాడు. "కాఫీ వద్దు బాబూ, ఉట్టి చికోరీ" అన్నాను. అతను లోపలికి తిరిగి వాళ్ల నాన్నని కేకేశాడు. పెద్దాయన వచ్చి, కళ్లజోడు పైకి తోసుకుని, "ఉట్టి చికోరీయా? దేనికమ్మా?" అన్నాడు. "తాగడానికేనండీ" అన్నాను. నమ్మినట్టు లేదు. పొట్లం కడుతూ రెండుసార్లు నా మొహం వంక చూశాడు.

ఎందుకొచ్చిందీ అవస్థ అంటే, నాకు రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర పట్టేది కాదు. పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినిపించేది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, గుండె బాగానే ఉందని చెప్పి, రోజుకెన్ని కాఫీలు తాగుతావని అడిగింది. అయిదు అన్నాను. నిజానికి ఆరు.

మన హైదరాబాదు తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార నియమాల పుస్తకం ఒకటి తెచ్చింది. అందులో లెక్క ఉంది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందట. ఇన్‌స్టంట్ అయితే 50 నుంచి 65. మొత్తమ్మీద రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదు. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా కాఫీ, టీల జోలికి పోవద్దని కూడా అన్నారు, తిండిలోని ఇనుము ఒంటికి పట్టదని. నేనేమో అన్నం తిని చెయ్యి కడుక్కుంటూనే "కాస్త కాఫీ" అనే రకం.

పొద్దుట్నించీ మనం మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. "ఇక చాలు, పడుకో" అని చెప్పేది అదే. అది కూర్చోవలసిన పీటల మీద కెఫీన్ ముందే వచ్చి కూర్చుంటుంది. నిద్ర ఎక్కడికీ పోలేదు, గుమ్మం బయట నిలబడి ఉంది, అంతే. పెద్దవాళ్లలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. అంటే సాయంత్రం అయిదింటి కాఫీలో సగం రాత్రి పదింటికి ఇంకా ఒంట్లోనే తిరుగుతూ ఉంటుంది. నెలలు నిండుతున్న గర్భిణులకైతే అది ఇంకా చాలా నెమ్మదిగా పోతుంది.

సరే, మానెయ్యాలి. మానేసి ఏం తాగాలి? శొంఠి కాఫీ తాగాను. బార్లీ తాగాను. ధనియాలు వేయించి తాగాను. ఒక్కోటీ బాగానే ఉంది, కానీ ఏది తాగినా జ్వరం వచ్చినవాళ్లకిచ్చే కషాయంలాగే తోచింది. నాలుగింటికి నా ప్రాణం కొట్టుకునేది దేనికో అప్పుడు కూర్చుని ఆలోచించాను. కెఫీన్‌కి కాదనుకుంటాను. ఆ చేదుకీ, ఆ వేగిన వాసనకీ. పచ్చి కాఫీ గింజ ఎప్పుడైనా వాసన చూశారా? ఎండుగడ్డి, పచ్చి బఠాణీ కలిసినట్టుంటుంది. కాఫీ వాసన అందులో లేదు. మనం కాఫీ అని లొట్టలు వేసేది సగం పైగా మూకుట్లో పుట్టినదే. అలాంటప్పుడు గింజే కావాలా, వేరు వేయిస్తే రాదా? వస్తుంది. చికోరీ అంటే అలా వేయించిన వేరే. నాన్న నన్ను కాపలా పెట్టింది దాని మీదే.

వంటింట్లో ఉండి వింటున్నవాళ్లు ఒక పని చేయండి. గ్లాసుతో చన్నీళ్లు తీసుకుని, మీ ఫిల్టర్ కాఫీ పొడి అరచెంచా పైన చల్లండి. ఇన్‌స్టంట్ పొడి పనికిరాదు. గరిట పెట్టి కలపొద్దు. కాఫీ పొడిలో నూనె ఉంటుంది కనక అది కాసేపు తేలుతుంది. చికోరీ నీళ్లు పీల్చుకుని వెంటనే మునుగుతుంది, మునుగుతూ వెనక గోధుమరంగు తోక గీసుకుంటూ పోతుంది. ఆ తోకలు ఎన్ని కనిపిస్తే అంత చికోరీ. ఇదేం నేరం కాదు. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనీ, ఏది ఎంత ఉందో పొట్లం మీద వేయాలనీ మన చట్టం. చెప్పకుండా కలిపితేనే కల్తీ.

చెప్పకుండా కలపడమూ ఇవాళ్టి సంగతి కాదు. 1850 ప్రాంతంలో లండన్‌లో ఆర్థర్ హిల్ హాసల్ అనే డాక్టరు బజారు కాఫీ పొళ్లు కొనుక్కొచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. గింజ కణాలు ఒకలా ఉంటే, చికోరీ వేరు కణాలు మరోలా ఉంటాయి. రసాయన పరీక్షకి దొరకని దొంగ కంటికి దొరికిపోయాడు.

అయితే ఈ వేరు రాజమర్యాదలు కూడా చూసింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇప్పటి జర్మనీ ప్రాంతంలో ప్రష్యా అనే రాజ్యం ఉండేది. రాజు పేరు ఫ్రెడరిక్. కాఫీ గింజల కోసం దేశం డబ్బంతా పరదేశాలకి పోతోందని ఆయన బెంగ. 1777లో, కాఫీ మాని మన బీరు తాగండని జనానికి ప్రకటన చేశాడు. వింటే కదా! 1781లో, కాఫీ వేయించే హక్కు సర్కారుది, లేదా సర్కారు అనుమతి ఉన్నవాళ్లది మాత్రమే అన్నాడు. ఇంట్లో వేయించుకునేవాణ్ణి పట్టుకోవడం ఎలా? మూకుడు దాచొచ్చు, వాసన దాచలేం. యుద్ధాల్లో దెబ్బతిని ఇంటికొచ్చిన సైనికుల్ని నౌకరీలో పెట్టి వీధులు తిప్పాడు. వాళ్ల పనల్లా గాలి పీల్చడమే. ఏ ఇంట్లోంచి వేగుతున్న కాఫీ వాసన వస్తే ఆ తలుపు కొట్టడం. జనం వాళ్లకి జర్మన్‌లో "కాఫీ వాసనగాళ్లు" అని పేరు పెట్టారు. చికోరీ మీద మాత్రం ఆంక్షలు లేవు. అది దేశంలోనే పండే దుంప, పైసా బయటికి పోదు. రాజు అనుమతితోనే చికోరీ వేయించే కార్ఖానాలు లేచాయి. పాపం, ఆ వాసనగాళ్లు చికోరీ వేగే ఇంటి ముందు ఎంత తికమక పడి ఉంటారో అని నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

తర్వాత 1806లో నెపోలియన్ ఇంగ్లండు సరుకుల మీద నిషేధం పెట్టినప్పుడు ఫ్రాన్సుకి కాఫీ కరువై చికోరీ అలవాటైంది. అమెరికా అంతర్యుద్ధంలో ఓడరేవులు మూతపడ్డప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో మళ్లీ అదే కథ. ఎక్కడ చూసినా గతిలేక మొదలుపెట్టినవాళ్లే. గతి కుదిరి కాఫీ తిరిగొచ్చాక కూడా వదల్లేకపోయారు. ఉత్తర ఫ్రాన్సులో ఈనాటికీ పొద్దున్న పాలలో చికోరీ కలుపుకునే ఇళ్లున్నాయి.

మొక్క సంగతి చెప్పాలి. పొద్దుతిరుగుడు, చామంతి, లెట్యూస్ ఉన్న కుటుంబమే ఇదీ. హిందీలో కాస్నీ అంటారు. యునానీ వైద్యులకి బాగా తెలిసిన మొక్క. మనదేశంలో గుజరాత్‌లో జామ్‌నగర్ వైపు, ఉత్తరప్రదేశ్‌లో ఎటా, కాస్‌గంజ్ వైపు రైతులు పండిస్తారు. ఆకు పశువుల మేత, వేరు మన కాఫీ షాపులకి. వేరంటే సన్న ముల్లంగిలా ఉంటుంది, పైన గోధుమరంగు చర్మం, లోపల తెలుపు. కత్తి పెడితే పాలు కారతాయి. ఆ పాలు నాలిక్కి తగిలితే వేపాకు నమిలినంత చేదు.

వేయించిన పొడి షాపులో దొరుకుతుంది కదా, దాంతో ఊరుకోవచ్చు. కానీ నాకు మూకుట్లో వేగుతుంటే చూడాలనిపించింది. విత్తనాలు తెప్పించి అక్టోబరులో డాబా మీద లోతైన కుండీల్లో చల్లాను. లోతు తక్కువైతే వేరు చీలి కోడికాళ్లలా తయారవుతుంది. మార్చికి కిలోన్నర దుంపలు వచ్చాయి. నా ఆత్రం చూడండి, కడిగి, కోసి, పచ్చివే మూకుట్లో వేశాను. పైన మాడింది, లోపల ఉడికింది. మిక్సీలో వేస్తే పచ్చడి అయింది. రెండో విడత ఎండబెట్టాను గానీ మంట తగ్గించలేదు. పొగకి పక్క ఫ్లాటావిడ వచ్చి తలుపు కొట్టింది, అచ్చం ప్రష్యా సైనికుడిలా.

మూడో విడతకి కుదిరింది. ఎలా కుదిరిందో నెమ్మదిగా చెప్తాను, కావాలంటే కాగితం మీద రాసుకోండి.

దుంపల్ని బ్రష్షుతో రుద్ది మట్టి పోగొట్టాలి. చెక్కు తియ్యక్కర్లేదు. సన్నటి చక్రాలుగా తరిగి, ఆ చక్రాల్ని నాలుగేసి ముక్కలు చేయాలి. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి, ఇది మాత్రం చాదస్తంగానే చెప్తున్నాను. ఒకటి సెనగగింజంత, ఒకటి చింతగింజంత ఉంటే చిన్నది బొగ్గయ్యేసరికి పెద్దది వేగడం మొదలుపెడుతుంది. పల్చటి గుడ్డ మీద పరిచి మూడు రోజులు మంచి ఎండలో పెట్టండి. వడియాల్లా గలగలలాడాలి, వేళ్లతో విరిస్తే పటుక్కుమనాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే.

తర్వాత ఇనప మూకుడు, సన్న సెగ. నూనె వద్దు. అట్లకాడతో కలుపుతూనే ఉండాలి, ఫోన్ వస్తే తీయకండి. మొదటి పది నిమిషాలూ ఉడికిన చిలగడదుంప వాసన వస్తుంది. ఆ తర్వాత బెల్లం పాకం వాసన. కారణం ఉంది. ఈ మొక్క బంగాళాదుంపలాగా పిండి దాచుకోదు, ఇనులిన్ అనే పదార్థం దాచుకుంటుంది. వేడికి ఇనులిన్ విరిగి ఫ్రక్టోజ్ అనే చక్కెర పుడుతుంది, ఆ చక్కెర ఎరుపెక్కి, ముదిరి, నల్లబడటం మొదలెడుతుంది. మనం వేయిస్తున్నది వేరు, లోపల తయారవుతున్నది పాకం. ముక్కలు మొదట మీగడరంగు, తర్వాత వేరుసెనగ పొట్టు రంగు, తర్వాత ఎండు ఖర్జూరం రంగు. అరగంట అటూ ఇటూగా ఒక క్షణాన వాసన మారిపోతుంది. తీపి వెనక్కి తగ్గి, ముక్కుపుటాలకి కాఫీ లాంటిదేదో తగులుతుంది. అంతే, ఆ క్షణాన దించేయాలి. మూకుట్లో వదలొద్దు, పళ్లెంలోకి వంచేయండి. ఇనుము వేడికి ఇంకో రెండు నిమిషాలు అది వేగుతూనే ఉంటుంది.

చల్లారాక ఒక ముక్క కొరికి చూడండి. కరకరమని, ముందు చేదు, నమిలినకొద్దీ అడుగున తీపి తగలాలి. ఉత్త చేదే ఉంటే మాడిందన్నమాట. మిక్సీలో బొంబాయి రవ్వంత బరకగా పట్టి, గట్టి మూత ఉన్న సీసాలో పొయ్యండి. ఇది గాలిలో తేమని ఊరికే లాక్కుంటుంది. వానాకాలంలో ఒక పూట మూత మరిచిపోయానంటే సీసాలో పొడి లేదు, ఇటుక ఉంది. మూడు విడతలకీ కలిపి చేతికొచ్చింది ఎంతంటారా? నూట పాతిక గ్రాములు. పాడు చేయకుండా ఉంటే పావుకిలో పైన వచ్చేదేమో. షాపు ధర చూసుకుంటే ఈ బేరం ఎవరూ చేయరు. ఒకసారి చేసి చూడవలసిన బేరం అది.

ఇక కాచడం. నా అలవాటు చొప్పున రాత్రి ఫిల్టర్ పైగిన్నెలో మూడు చెంచాలు వేసి మరిగే నీళ్లు పోసి పడుకున్నాను. పొద్దున్నే చూస్తే నీళ్లు పైనే ఉన్నాయి, కింద ఏడు చుక్కలు. చికోరీ నీటిని పట్టుకుని వదలదు. కాఫీలో కొంచెం కలిపితే డికాక్షన్ నెమ్మదిగా, చిక్కగా దిగేది ఈ గుణం వల్లే. ఒంటరిగా వేస్తే తూము మూసుకుపోయినట్టే. కాబట్టి ఫిల్టర్ పక్కన పెట్టి తపేలా తీయండి. గ్లాసు నీళ్లకి చెంచాడు పొడి చాలు. కాఫీ పొడిలో నీళ్లలోకి దిగేది సుమారు మూడో వంతు, మిగతాది పిప్పి. వేయించిన చికోరీలో సగానికి పైగా దిగిపోతుంది. అందుకే కాఫీ కొలత వేస్తే విషంలా ఉంటుంది. సన్న సెగ మీద నాలుగు నిమిషాలు మరిగించి, మూతపెట్టి అయిదు నిమిషాలు వదిలి, పల్చటి గుడ్డతో వడగట్టాలి. వేడి పాలు. పంచదార అలవాటున్నవాళ్లు సగం తగ్గించండి, తీపి అందులోనే ఉంది.

రంగు కాఫీదే. చేదు కాఫీదే అనిపిస్తుంది. కాఫీలో ఉండే ఆ చిన్న పులుపు మాత్రం ఉండదు, దాని బదులు ఒక మట్టివాసన ఉంటుంది. మొదటి వారం నాకు అది లోటుగా తోచింది. దీన్ని కాఫీ అని పిలవడం మానేశాక ఆ గొడవ తీరింది. మా ఇంట్లో ఇప్పుడు దీని పేరు "వేరు".

రుచి మార్చాలనుకుంటే మన వేళ్లు మనకున్నాయి. పొయ్యి కట్టేశాక చిటికెడు సుగంధిపాల పొడి వేసి మూతపెట్టి చూడండి. వెనిల్లాకి దగ్గరి చుట్టం లాంటి వాసన ఉంటుంది దాని వేరు బెరడులో. మరిగిస్తే ఆవిరితో పాటు పోతుంది, వేయిస్తే అసలే మిగలదు, కాబట్టి చివర్న వేయాలి. శొంఠి అయితే ముందే వేసి మరిగించవచ్చు. అతిమధురం మాత్రం రోజూ వద్దు, అది బీపీ పెంచుతుంది.

మా మేనకోడలు అమెరికాలో ఉంటుంది. వాళ్ల పెరటి గడ్డిలో పసుపు పూలతో డాండిలయన్ అనే కలుపు మొక్క విపరీతం. అదీ చికోరీకి దాయాదే, వేరు అలాగే వేయించుకోవచ్చు. కెనడా అడవుల్లో కాపురం పెట్టిన సుసానా మూడీ అనే రచయిత్రి 1852లో అచ్చయిన తన పుస్తకంలో డాండిలయన్ వేళ్లతో కాఫీ చేసుకున్న వైనం రాసింది. మా పిల్లకి నేను చెప్పింది ఒక్కటే, గడ్డికి కలుపుమందు కొట్టించిన పెరట్లో తవ్వకు.

అలాగని చేతికందిన ప్రతిదీ వేయించి తాగే పని పెట్టుకోకండి. కసింద గింజల్ని కొన్ని దేశాల్లో వేయించి కాఫీలా తాగుతారు. అదే గింజలు పచ్చివి నమిలి పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పసిపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పేరు, ఊరు తెలిసిన వేరైతేనే పొయ్యి దాకా తేవాలి.

చికోరీ కూడా అందరికీ పడదు. మన రోడ్ల పక్కన పెరిగే వయ్యారిభామ ఉంది చూశారా, ఆ కుటుంబం కూడా ఇదే. వయ్యారిభామ తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడిగి తాగండి. ఎక్కువ తాగితే కడుపుబ్బరం తప్పదు, ఇనులిన్ చిన్నపేగులో అరగదు, పెద్దపేగులో క్రిములకి విందవుతుంది. ఇంకో మాట. ఇలాంటి దుంపల్నీ గింజల్నీ బాగా వేయిస్తే ఆక్రిలమైడ్ అనే పదార్థం కొంత పుడుతుంది, దాన్ని తగ్గించుకోవాలన్నది అందరూ ఒప్పుకునే మాటే. యూరప్ వాళ్లు వేయించిన కాఫీకి కిలోకి 400 మైక్రోగ్రాములని గీత గీస్తే, చికోరీకి 4000 దగ్గర గీశారు. కెఫీన్ లేదు కదా అని ఆరు గ్లాసులు తాగమని కాదు, నేను రెండుతో ఆపుతున్నాను. షుగరు తగ్గుతుందని, కాలేయం కడిగేస్తుందని పొట్లాల మీద రాసేవన్నీ నేను చెప్పను. ఇది మందు కాదు, సాయంత్రం నాలుగింటి పానీయం.

కాఫీ మానేవాళ్లు ఒక్కరోజులో మానకండి. నేను మానాను. మర్నాటికి తలనొప్పి పట్టుకుంది, నాలుగు రోజులు కణతలు అదిరిపోయాయి. షాపులో 80కి 20 పాళ్లలో కలిపింది తెచ్చుకోండి, వారం తర్వాత 60కి 40. కాఫీ వంతు సగం కంటే తగ్గించాలంటే షాపువాళ్లు మిశ్రమంగా కలిపి అమ్మకూడదు, చట్టం ఒప్పదు. అక్కణ్ణించి ఇంట్లో మీ చేత్తోనే కలుపుకోవాలి. నెలకి కాఫీ వంతు సున్నాకి వస్తుంది.

మావారు మారలేదు. ఆయన కాఫీ ఆయనదే, పక్కన నా వేరు గ్లాసు. రెండూ ఒకే రంగు కావడంతో వారానికోసారైనా గ్లాసులు మారిపోతాయి. ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లిస్తే అది నాది. నేను ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నానంటే అది ఆయనది, వెంటనే లాక్కుంటారు.

డాబా మీద ఒక కుండీలో దుంప తవ్వకుండా వదిలేశాను. వేరు కర్రదేరి ఇక వేపుడికి పనికిరాదు గానీ, నడుమెత్తు కాడ వేసి పూస్తోంది. లేత నీలం పూలు. ఈ పువ్వుకి వేళ ఉంది. పూలు విచ్చే, ముడిచే వేళల్ని బట్టి గడియారం ఊహించిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1751లోనే దీన్ని తన జాబితాలో వేసుకున్నాడు. తెల్లవారుజామునే విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుపోతుంది. పొద్దున ఆరింటికి మావారి డికాక్షన్ దిగే వేళకి పైకి వెళితే అన్నీ విచ్చుకుని ఉంటాయి. ఆయన రెండో కాఫీ అడిగేసరికి ఒక్కటీ ఉండదు.